పాత చిన్న కారు – పందెపు బాట

తెలుగు ఉపన్యాసకుడు మోటారు బండ్లను గురించి వ్యాసం వ్రాయడమేమిటని మా కళాశాల మిత్రులు చిరునవ్వు నవ్వినారు. వారి నవ్వుకు సమాధానం మన భారతంలోనే ఉన్నది. నన్నయభట్టారకుడు ఆంధ్రీకరించిన అరణ్యపర్వంలో నలోపాఖ్యానం కలదు. దమయంతి పునఃస్వయంవరమన్న వార్త విని, ఋతుపర్ణ మహారాజు ఒక్క దినంలో విదర్భ చేరవలసి వచ్చింది. బాహుకుడను పేర సారథిగా ఉన్న నలుడు అశ్వశాలకు వెళ్ళి, చూపులకు బక్కగా ఉన్న గుర్రాలను ఏరి తెచ్చినాడు. ఇవేమి గుర్రాలని రాజు సందేహించినాడు. దారిలో రాజుగారి ఉత్తరీయం జారిపడింది. రథమాపుమని ఆయన చెప్పేసరికే అది యోజన దూరం వెనుకబడిపోయింది. ఈ ఘట్టాన్ని ఏటేటా తరగతిలో చెప్పే నాకు, ఆ బక్క గుర్రాల అర్థం పూర్తిగా తెలిసినది మాత్రం కంభం రోడ్డు ప్రక్కన ఒక మెకానిక్ షెడ్డులోనే.

కారణం మా డిగ్రీ విద్యార్థి ఒకడు. అతని అన్న ఆ షెడ్డులో ఉస్తాద్ వద్ద పని నేర్చుకొంటున్నాడు. ఇంట్లో పాత మారుతి 800 ఒకటి మూలపడి ఉన్నది. దానిని పందెపు కారుగా మార్చవలెనని అన్నదమ్ముల కోరిక. “సార్, సైలెన్సరు తీసేస్తాం, ఇంజను బోరు చేయిస్తాం, పెద్ద చక్రాలు వేస్తాం. ఒకనాడు తెల్లవారుజామున గిద్దలూరు ఘాటులో చూసుకుంటాం” అన్నాడు ఆ అబ్బాయి. చెప్పిన మూడు పనులూ వేగాన్ని గురించినవే. ఆగడాన్ని గురించి ఒక్క మాట లేదు. గిద్దలూరు దాటి నల్లమల గుండా నంద్యాలకు పోయే ఆ దారిలో మలుపు వెనుక లోడు లారీ ఉండునో, కుటుంబాన్ని ఎక్కించుకొన్న ఆటో ఉండునో ఎవరికీ తెలియదు. వద్దని ఊరక మందలిస్తే వినే వయస్సు కాదది. అందుచేత, “పందెపు కారంటే ఏమిటో ఇద్దరమూ కలిసి తెలుసుకొందాం, తరువాత ఘాటు సంగతి ఆలోచిద్దాం” అన్నాను. గ్రంథాలయంలో చదివినదీ, భౌతికశాస్త్ర ఉపన్యాసకుల వద్ద అడిగి తెలుసుకొన్నదీ, ఉస్తాద్ షెడ్డులో సాయంత్రాలు కూర్చుండి చూచినదీ కలిపి ఇక్కడ విన్నవిస్తున్నాను.

మారుతి 800ను గురించి మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1983 డిసెంబరులో మొదటి కారు తాళపుచెవులు యజమాని చేతికి అందినవి. 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిపోయినది. ఈ నడుమ మన దేశపు రోడ్లమీదికి వచ్చినవి పాతిక లక్షలకు పైమాటే. 796 ఘన సెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజను, దాదాపు 40 అశ్వశక్తి, 12 అంగుళాల చిన్న చక్రాలు. ఇంజను ముందుభాగంలోనే ఉండి ముందు చక్రాలనే త్రిప్పుతుంది. వెనుక తలుపు పైకి లేచే ఇటువంటి పొట్టి కార్లనే హ్యాచ్‌బ్యాకులంటారు. ఇంత అల్పప్రాణి పందెంలో దిగుటేమని ఋతుపర్ణుని వలె మీరూ సందేహింపవచ్చును. సందేహనివృత్తికి రెండు ఉదాహరణలు చాలును.

ఇంగ్లండులో 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేసిన మినీ కారు బయటికి వచ్చింది. సామాన్య కుటుంబాలకొరకు, పెట్రోలు పొదుపుకొరకు పుట్టిన బండి. 848 ఘన సెంటీమీటర్ల ఇంజను. పందెపు కార్ల నిర్మాత జాన్ కూపర్ దానిలో ఏదో చూచినాడు. 1961లో అతని పేరుతో వచ్చిన మినీ కూపర్‌కు 997 ఘన సెంటీమీటర్ల, 55 అశ్వశక్తుల ఇంజను పెట్టినారు. ఇంతవరకు అందరూ చెప్పుకొనే కథ. చాలామంది చెప్పని సంగతి మరొకటి ఉన్నది: అదే కారుకు అదే సమయంలో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు కూడ బిగించినారు. బలం పెంచిన చేతితోనే నిలుపుదలనూ పెంచినారన్నమాట. ఆ జాతి కార్లు 1964, 1965, 1967 సంవత్సరాలలో మాంటీకార్లో ర్యాలీలో తమకంటే ఎంతో పెద్ద కార్లను ఓడించి ప్రథమస్థానం పొందినవి.

రెండవ ఉదాహరణ మనకు మరింత దగ్గరిది. కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అక్కడి లక్ష్మీ మిల్లుల కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ మోటారు పందేల పిచ్చిగల ఇంజనీరు. చెన్నపట్టణం దగ్గర చోళవరంలో పాత విమానాల పట్టీ మీద పందేలు జరిగే కాలమది. విదేశీ పందెపు కారు తెప్పించుకొనడం ధనవంతులకే సాధ్యమైన ఆ రోజులలో, ఎక్కడైనా దొరికే మారుతి 800 ఇంజనును తీసికొని, ఇనుప గొట్టాల చట్రంలో అమర్చి, ఒక్కరే కూర్చుండే పందెపు బండిని ఆయన తక్కువ ఖర్చుతో తయారు చేసినాడు. ఫార్ములా మారుతి అని దానికి పేరు వచ్చింది. 1995లో విమాన ప్రమాదంలో కరివర్ధన్ మరణించినాడు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదనే వెలసినది. 2005లో ఫార్ములా వన్ పందేలలో పాల్గొన్న మొట్టమొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ స్వదేశంలో తొలి అడుగులు వేసినది ఈ ఫార్ములా మారుతిలోనే. అనగా మన వీధిలో పిల్లలను బడికి దింపే కారు గుండెకాయతోనే ఆ ప్రయాణం మొదలైనది.

ఇక విషయానికి వద్దాం. మొదటి సాయంత్రం మా భౌతికశాస్త్ర మిత్రుడు ఆ అబ్బాయిచేత ఒక లెక్క చేయించినాడు. ఉస్తాద్ షెడ్డులో పద్దులు వ్రాసుకొనేందుకు మన ఊరి రాతిపలకయే గోడకు వ్రేలాడుతూ ఉంటుంది. దానిమీదనే లెక్క. కారు, మనిషి కలిసి 700 కిలోలనుకొందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే ఆ బండిలోని గతిశక్తి దాదాపు 2 లక్షల 70 వేల జౌళ్ళు. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుండి 94 డిగ్రీల దాకా కాచే వేడి అది. ఐదారుగురికి టీ కాచవచ్చును. బ్రేకు నొక్కినప్పుడు ఈ శక్తి ఎక్కడికీ మాయమైపోదు. వేడిగా మారి డిస్కులలోకీ డ్రమ్ములలోకీ చేరుతుంది. రోడ్డుమీద ఇటువంటి నిలుపుదల ఎప్పుడో ఒకసారి వస్తుంది. పందెపు బాటలో ప్రతి చుట్టులోనూ నాలుగైదు మలుపుల వద్ద, కొన్ని క్షణాల వ్యవధిలోనే, చల్లారే తీరిక లేకుండా వస్తుంది. పైగా వేగం 60 నుండి 90కి పెరిగితే వేగం ఒకటిన్నర రెట్లే గాని, ఆర్పవలసిన శక్తి రెండుంబావు రెట్లు.

బ్రేకు గొట్టాలలోని నూనెకు ఒక దుర్గుణం ఉన్నది. అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది. సాధారణంగా వాడే మూడవ శ్రేణి బ్రేకు నూనె క్రొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన తరువాత ఆ హద్దు 140కి దిగిపోతుంది. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడుతాయి. ద్రవాన్ని నొక్కితే బలం అవతలి కొనకు చేరుతుంది. ఆవిరిని నొక్కితే ఆవిరే నలుగుతుంది. కాలిక్రింద పెడలు మెత్తగా నేలదాకా దిగిపోతుంది, కారు మాత్రం ఆగదు. ఘాటు దిగే లారీ డ్రైవర్లు “ఎక్కిన గేరులోనే దిగాలి” అంటారు గదా, ఆ సామెత వంటి మాట వెనుక ఉన్నది ఈ భయమే. కావున పాత కారును పందెపు కారుగా మార్చేవాడు మొట్టమొదట విప్పవలసినది ఇంజను మూత కాదు. నాలుగు చక్రాలు విప్పి, పాత రబ్బరు గొట్టాలు, సిలిండర్ల వాషర్లు, అరిగిన డిస్కులు మార్చి, ఎక్కువ వేడికి ఓర్చే ప్యాడ్లు వేసి, పాత నూనెను పూర్తిగా తీసి నాలుగవ శ్రేణిదో అంతకు మించినదో నింపవలెను. ఈ మాట చెప్పినప్పుడు ఆ అబ్బాయి ముఖం చిన్నబోయినది. ఉస్తాద్ మాత్రం తల ఊపి, “సార్ చెప్పింది ముందు చెయ్యి” అన్నాడు.

తరువాతిది బరువు. ఇక్కడ డబ్బు దాదాపు అక్కరలేదు; ఓపిక చాలును. కారును మొదట రాళ్ళ లారీలు తూచే కాటా మీదికి తీసికొనిపోయినాము. కాటా మనిషి వింతగా చూచి 680 కిలోలని చీటీ వ్రాసి ఇచ్చినాడు. తరువాత వారం రోజులు అన్నదమ్ములిద్దరూ విప్పినదే పని. వెనుక సీటు, ప్రక్క సీటు, స్టెప్నీ, జాకీ, క్రింది తివాచీ, తలుపుల లోపలి అట్టలు, స్పీకర్లు, ఏసీ యంత్రం, చప్పుడు వినరాకుండా నేలకు అంటించిన తారు పట్టీలు. విప్పిన ప్రతి వస్తువునూ తూచి పలకమీద వ్రాసినారు. రెండవసారి కాటా 590 చూపింది. 90 కిలోలు తగ్గినవి. 70 కిలోల మనిషిని కూడ కలిపి లెక్కించితే 750 కిలోల బండి 660 కిలోలదైనది. ఇంజనును తాకకుండానే, 39 అశ్వశక్తుల కారు పాత బరువు మీద 44 అశ్వశక్తుల కారు వలె పరుగెత్తగలదు. ఇంజనులో ఐదు అశ్వశక్తులు పెంచితే పరుగు మాత్రమే పెరుగుతుంది. బరువు తగ్గితే పరుగు, నిలుపుదల, మలుపు మూడూ బాగుపడుతాయి; టైరూ తక్కువ అరుగుతుంది. బాహుకుడు ఏరిన గుర్రాలు బక్కవెందుకో నాకు ఆ కాటా చీటీ చూచినప్పుడు బోధపడింది.

తివాచీ తీసిన తరువాత మరొక ముఖ్యమైన పని సులువవుతుంది. పాత కారు రేకు ఎక్కడ తుప్పుపట్టినదో అప్పుడే కనిపిస్తుంది. మన పడమటి మెట్ట ప్రాంతం ఎండిపోయిన నేల కాబట్టి, సముద్రపు గాలి సోకే ఒంగోలు వైపు బండ్లకంటే మన బండ్ల రేకు గట్టిగా మిగులుతుందని ఉస్తాద్ అభిప్రాయం. అయినను బ్యాటరీ క్రింద, ముందు స్ప్రింగుల గోపురాల దగ్గర సుత్తితో తట్టి చూడక తప్పలేదు. రెండు చోట్ల రేకు మార్చవలసి వచ్చింది.

తగ్గించిన బరువులో కొంత తిరిగి చేర్చవలసి ఉన్నది. కారు పల్టీ కొట్టినప్పుడు పైకప్పు నలిగి మనిషిమీద పడకుండా లోపల గొట్టాలతో కట్టే పంజరం అది. ఈ ఘట్టంలో నాకు ఆందోళన కలిగింది. మన ప్రాంతంలో నీటికన్న బోరుగొట్టాలే ఎక్కువ గదా! షెడ్డు వెనుక పడి ఉన్న నీటి గొట్టాలను చూపి, “వీటితో వెల్డింగు చేయిస్తాం సార్” అన్నాడు అబ్బాయి. నీటి గొట్టం నీటి ఒత్తిడికొరకు చేసినది. దానికి పొడవునా అతుకు ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు వంగక చిట్లవచ్చును. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య నియమం ప్రకారం ప్రధాన గొట్టం అతుకులేని ఉక్కుదై, 45 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మిల్లీమీటర్ల మందం, లేదా 50 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం ఉండవలెను. అది నేలరేకుతో కలిసే చోట కనీసం 3 మిల్లీమీటర్ల మందపు పలక పరచవలెను. లేనిచో పల్టీలో గొట్టం రేకును చీల్చుకొని క్రిందికి దిగుతుంది. ఇంత చేసిన పంజరం ఒక 35 కిలోలైనా తూగుతుంది. తగ్గిన తొంభైలో మూడవ వంతుకు పైగా తిరిగి వచ్చినట్లే. అయినను ఇది బేరమాడదగిన బరువు కాదు.

పంజరంతోపాటు మనిషిని నడుము, భుజాలు, తొడల నడుమ ఐదారు చోట్ల కట్టిపట్టే పట్టీలు, శరీరాన్ని ప్రక్కలనుండి పొదివిపట్టే సీటు, శిరస్త్రాణం, మంటలార్పే సాధనం, విద్యుత్తును ఒక్క దెబ్బతో ఆపే మీట కావలెను. ఈ వస్తువులు ఒకదానినొకటి నమ్ముకొని ఉంటాయి. శిరస్త్రాణం లేకుండా పంజరమున్న కారులో తిరిగితే, చిన్న ఢీకే తల ఉక్కు గొట్టానికి తగులుతుంది. ప్రాణం కాపాడవలసినదే ప్రాణం తీస్తుంది. వీధిలో నడిచే కారులో అలంకారంగా పంజరం కట్టించుకొనే యువకులు ఈ సంగతి గ్రహించవలెను.

టైర్లు, స్ప్రింగుల విషయంలో మనవారు చేసే పొరపాట్లు రెండు. పెద్ద చక్రాలు మొదటిది. 800కు వచ్చే టైరు 145 మిల్లీమీటర్ల వెడల్పు. నేలను తాకేది ఒక్కొక్కటి అరచేయంత మేరయే. ఆ అరచేయి ఎంత గట్టిగా పట్టుకొంటే కారు అంత వేగంగా తిరుగుతుంది. కావున పట్టు ఎక్కువగా ఉన్న మెత్తని రబ్బరు టైరు, తేలికైన చక్రం కావలెను. పెద్ద చక్రం వేస్తే బరువు పెరుగుతుంది, గేర్ల నిష్పత్తి మారి ముందుకు దూకే బలం తగ్గుతుంది. కారును క్రిందికి దించాలని స్ప్రింగులను కోయించడం రెండవది. కోసిన స్ప్రింగు చక్రం గాలిలోకి లేచినప్పుడు తన గూటినుండి జారవచ్చును. కొలత ప్రకారం పొట్టిగా, గట్టిగా చేసినదాన్నే, దానికి తగిన షాకబ్జార్లతో వేయవలెను.

ముందు చక్రాలతో నడిచే కారుకు ఒక స్వభావమున్నది. లాగేదీ, తిప్పేదీ, ఎక్కువ బరువు మోసేదీ ముందు టైర్లే. మలుపులో శ్రుతి మించితే అవే ముందు పట్టు విడుస్తాయి. స్టీరింగు తిప్పినా ముక్కు బయటికి తోసుకొనిపోతుంది. దీన్ని సరిచేయుటకు ముందు చక్రాల పైఅంచును కొద్దిగా లోపలికి వాల్చి బిగిస్తారు. కారు ఒరిగినప్పుడు టైరు అప్పుడు నేలకు సమంగా ఆనుతుంది. వెనుక భాగం ఒరగకుండా ఒక కడ్డీ వేస్తే ముక్కు ఇంకా బాగా తిరుగుతుంది. అటువంటి కార్లు మలుపులో లోపలివైపు వెనుక చక్రాన్ని కుక్క కాలెత్తినట్లు పైకెత్తుతాయి. చూచేవారికి నవ్వు గాని, నడిపేవానికి అది శుభశకునమే. ప్రమాదం మరొకచోట ఉన్నది. మలుపు మధ్యలో భయపడి కాలు హఠాత్తుగా తీసినచో బరువంతా ముందుకు వచ్చి, తేలికైన వెనుక భాగం గిర్రున తిరుగుతుంది. భయపడినవాడు సహజంగా చేసే పనియే ఇక్కడ ముప్పు తెచ్చే పని. ప్రక్కన ఖాళీ స్థలమున్న బాటలో దీనివలన కారు గడ్డిలోకి పోయి ఆగుతుంది. నల్లమల ఘాటులో ఆ ఖాళీ స్థలం లోయ.

ఇంజనుకు తక్కువ మాటలు చాలును. పాత ఇంజనుకు ముందు కావలసినది ఆరోగ్యం. మూడు సిలిండర్లలో ఒత్తిడి సమంగా ఉన్నదా, రేడియేటరు శుభ్రంగా ఉన్నదా, మలుపులలో నూనె ఒక ప్రక్కకు పోయి పంపు గాలి పీల్చకుండా అడుగు గిన్నెలో అడ్డు రేకులున్నవా అని చూడవలెను. సైలెన్సరు ఊడదీసినంత మాత్రాన బలం రాదు. వచ్చేది చప్పుడు, దానితోపాటు పొరుగువారి శాపం. ఒక ఋతువంతా ఉన్న బలంతోనే నడిపి, ఉన్నదంతా వాడుకొనడం నేర్చిన తరువాతనే ఇంజను జోలికి పోవచ్చునని అనుభవజ్ఞుల మాట.

ఇంతా చేసిన కారు రోడ్డు మీదికి రాకూడదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదంటున్నది. 2019 సవరణ తరువాత అటువంటి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండూ గాని ఉండవచ్చును. ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం వేయడం 189వ సెక్షను క్రింద వేరే నేరం. కావున పందెపు కారు లారీమీద ఎక్కి బాటకు పోవలెను, లారీమీదనే తిరిగి రావలెను. హైదరాబాదులో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల అంతర్జాతీయ పందెం జరిగింది గాని, అది వీధులను మూసి తాత్కాలికంగా కట్టిన బాట. మనవారు సాధారణంగా చూచేది శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై వైపే. 1990లో ఆరంభమైన ఆ బాట ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. మార్కాపురం నుండి మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరం. లారీ బాడుగ, బాట రుసుము, పోటీలో దిగేందుకు జాతీయ సమాఖ్య ఇచ్చే లైసెన్సు అన్నీ కలిపితే కారు ఖరీదును మించుతాయి. పేదింటి పిల్లవానికి ఇది న్యాయమేనా అని అతడు నన్ను అడిగినాడు. న్యాయం కాదనే చెప్పినాను. ఊరి బయట చదునైన ఖాళీ నేలమీద, అనుమతితో, శంకువులు నిలిపి తక్కువ వేగంలో మలుపులు నేర్పే పోటీలు చాలా దేశాలలో ఉన్నవి. మన పడమటి ప్రాంతంలో ఖాళీ నేలకు కొదువ లేదు. కళాశాల కమిటీ పెద్దలు ఈ వాక్యాన్ని ఒకసారి చదివి ఆలోచించవలెనని మనవి.

ఆ కారు ఇప్పుడు షెడ్డులోనే ఉన్నది. బ్రేకుల పని పూర్తి అయినది. అతుకులేని గొట్టాలకు డబ్బు కూడబెట్టుటకై అబ్బాయి సెలవులలో పలకల కర్మాగారంలో పనికి పోతున్నాడు. ఇంజను ఇంకా ఎవరూ విప్పలేదు. ఘాటు మాట మళ్ళీ ఎత్తలేదు. గోడమీది పలకలో ఉస్తాద్ పద్దుల ప్రక్కన 680, 590 అన్న రెండు అంకెలు చెరపకుండా ఉంచినారు. విప్పిన వెనుక సీటు షెడ్డు ముందు వేపచెట్టు క్రింద బల్లగా మారింది. నేను వెళ్ళినప్పుడు దానిమీదనే కూర్చుండి టీ త్రాగుతాను.